అడగని ప్రశ్నకు జవాబు చెప్పాలా?



కొత్త బండి కొన్న కుటుంబం దాన్ని గుడి ముందుకు తెచ్చి ఆశీర్వదించమని అడగటం మన విచారణల్లో మామూలే. స్కూటరైనా, ఆటో అయినా, కారైనా సరే, ఆదివారం పూజ ముగిశాక తీర్థం పట్టుకొని నేను బయటికి వెళ్తాను. చూస్తే చక్రాల కింద నిమ్మకాయలు కనిపిస్తాయి. "ఇవెందుకమ్మా?" అంటే ఇంటావిడ సిగ్గుపడి, "మా అత్తగారు పెట్టించారు ఫాదర్" అంటుంది. అత్తగారిని అడిగితే షోరూమ్ వాళ్లు పెట్టారంటుంది. ఆ కాయలు తీయించి పిల్లల చేతికిస్తాను. ఎండాకాలమైతే షర్బతుకు పనికొస్తాయి.

అమెరికాలో కారుకూ నిమ్మకాయకూ మరో సంబంధం ఉంది. పైకి బాగా కనిపించి, కొన్నాక లోపం బయటపడే కారును అక్కడివాళ్లు నిమ్మకాయ అంటారు. 1970లో జార్జి అకర్లాఫ్ అనే ఆర్థిక శాస్త్రవేత్త ఈ నిమ్మకాయల బజారు మీద ఒక వ్యాసం ప్రచురించాడు. అంతకుముందు మూడు పత్రికలు దాన్ని తిప్పి పంపాయి. 2001లో మరి ఇద్దరితో కలిపి ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన చెప్పిన సంగతి మన సెకండ్ హ్యాండ్ బండ్ల బజారు తెలిసిన ఎవరికైనా అర్థమవుతుంది. బండి మంచిదో చెడ్డదో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. కాబట్టి కొనేవాడు భయపడి మధ్యస్థంగా ఒక ధర చెబుతాడు. మంచి బండి ఉన్నవాడు ఆ ధరకు ఇవ్వలేక ఇంట్లోనే ఉంచుకుంటాడు. చెడ్డ బండి ఉన్నవాడు సంతోషంగా ఇస్తాడు. అలా బజారులో చెడ్డవే మిగులుతాయి, కొనేవాడి భయం ఇంకా పెరుగుతుంది, ధర ఇంకా తగ్గుతుంది. ఒకరి మౌనానికి మూల్యం ఆ బండి కొన్నవాడే కాదు, మంచి బండిని నిజాయితీగా అమ్మాలనుకునే మూడో మనిషి కూడా చెల్లిస్తాడన్నమాట.

నేను అర్థశాస్త్రం చెప్పటానికి కూర్చోలేదు. మా విచారణలోని ఒక కుటుంబం నా ముందు పెట్టిన ప్రశ్నను మీ ముందు పెట్టటానికి కూర్చున్నాను. వారి అనుమతితోనే రాస్తున్నాను. ఊరు, పేరు అడగకండి.

2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ వైపు ఇళ్లు మునిగిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఆ కుటుంబానికి ఒక చిన్న కారు ఉంది. 2019లో అప్పు మీద కొన్నారు. నీళ్లు సీట్లు దాటి స్టీరింగు దాకా వచ్చి, రోజుల తరబడి నిలిచాయి. ఇన్సూరెన్సు ఉంది కానీ థర్డ్ పార్టీ మాత్రమే. మన బండి వల్ల ఎదుటివారికి జరిగిన నష్టానికే అది పనికొస్తుంది, వరదలో మునిగిన మన బండికి పైసా రాదు. అప్పు మీద అప్పు చేసి ఒక లక్షా అరవై వేలు ఖర్చు పెట్టి బాగు చేయించారు. సీటు కవర్లు కొత్తవి, కింద పరిచే మ్యాట్లు కొత్తవి, పైన పాలిష్. ఇప్పుడు చూస్తే మునిగిన బండి అని ఎవరూ అనుకోరు. తిరుగుతోంది కూడా. కానీ వానాకాలం వస్తే లోపల బురద వాసన వస్తుంది. డ్యాష్‌బోర్డులో ఎయిర్ బ్యాగు దీపం అప్పుడప్పుడు వెలిగి ఆరిపోతుంది.

కూతురి నర్సింగు ఫీజుకు ఆ బండి అమ్మక తప్పదు. ఏజెంటు వచ్చి చూసి, "ఇక్కడొద్దండీ, కడప వైపు పంపిద్దాం. అక్కడ బుడమేరు సంగతి ఎవరు అడుగుతారు? నాలుగున్నర లక్షలు ఎక్కడికీ పోవు" అన్నాడట. వరద సంగతి చెప్పి అమ్మితే మూడు లక్షలు వస్తే గొప్ప. తేడా లక్షన్నర. ఆ కుటుంబానికి అది ఏడాది చదువు.

ఆ ఇంటాయన ఒక సాయంత్రం నా దగ్గరకు వచ్చి కూర్చున్నాడు. "ఫాదర్ గారూ, నేను అబద్ధమాడను. మునిగిందా అని అడిగితే మునిగిందనే చెబుతాను. అడగకపోతే? అడగని ప్రశ్నకు జవాబు చెప్పకపోవటం పాపమా?"

వెంటనే పాపమని చెప్పి పంపించటం తేలిక. కానీ ఆ ప్రశ్నలో బలం ఉంది. మౌనం దానంతటది తప్పు కాదు. గురువుగా నా జీవితంలో సగం మౌనమే. పాపసంకీర్తనంలో విన్నది ప్రాణం పోయినా నోట రానివ్వకూడదు. వైద్యుడు మౌనంగా ఉంటాడు, వకీలు మౌనంగా ఉంటాడు. పొరుగింటివాడి లోపం తెలిసి నోరు మూసుకొనే ఇల్లాలిని మనం మెచ్చుకుంటాం. మరి బండి అమ్మేవాడి మౌనం మాత్రం ఎందుకు తప్పవుతుంది?

మన దేశపు చట్టం కూడా చాలావరకు అతని వైపే ఉంది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో 17వ సెక్షను మోసం అంటే ఏమిటో చెబుతుంది. ఊరకే మౌనంగా ఉండటం మోసం కాదని దాని వివరణ. ఉదాహరణగా ఒక గుర్రాన్ని చూపించారు. ఒకడు తన గుర్రానికి రోగముందని తెలిసీ వేలంలో అమ్మాడు, ఏమీ చెప్పలేదు. అది మోసం కాదు. అయితే ఆ ఉదాహరణలు అక్కడితో ఆగవు. కొంటున్నది అప్పుడే యుక్తవయసు వచ్చిన అతని సొంత కూతురైతే, ఆ బంధాన్ని బట్టి చెప్పటం అతని విధి. ఇంకొకటి: "నువ్వు కాదనకపోతే గుర్రం బాగున్నట్టే అనుకుంటాను" అని కొనేవాడన్నప్పుడు అమ్మేవాడు ఊరుకుంటే, ఆ ఊరుకోవటం మాటతో సమానం.

ఈ సెక్షను చదివినప్పుడల్లా నాకు ఆ కూతురి దగ్గర ఆగిపోవాలనిపిస్తుంది. చట్టం రాసినవారికీ తెలుసు, కూతురికైతే చెప్పి తీరాలని. పరాయివాడికి ఎందుకు చెప్పనక్కరలేదు? పరాయివాడి గుర్రం తక్కువ తూలుతుందా? చట్టం అందరినీ కూతుళ్లుగా చూడలేదు. చూస్తే కోర్టులు చాలవు. అది చట్టానికి ఉన్న హద్దు. మన అంతరాత్మకు కూడా అదే హద్దు అనుకోవటంలోనే పొరపాటు వస్తోంది.

ఈ చర్చ కొత్తది కాదు. క్రీస్తు పూర్వం 44లో సిసెరో తన కొడుకు కోసం రాసిన విధుల గ్రంథంలో ఒక వర్తకుడి కథ ఉంది. రోడ్స్ ద్వీపంలో కరువు. అలెగ్జాండ్రియా నుంచి ధాన్యం ఓడతో ఒకడు చేరాడు. వెనక ఇంకా చాలా ఓడలు వస్తున్నాయని అతనికి తెలుసు. ఆ సంగతి చెప్పాలా, చెప్పకుండా ఎక్కువ ధరకు అమ్ముకోవచ్చా? డయోజనీస్ అనే తాత్వికుడు అక్కరలేదన్నాడు, అతని శిష్యుడు ఆంటిపేటర్ చెప్పాలన్నాడు. సిసెరో శిష్యుడి పక్షం వహించాడు.

13వ శతాబ్దంలో పునీత అక్వినాస్ తోమాసు గారు తమ వేదాంత సంగ్రహంలో, క్రయవిక్రయాల్లో జరిగే మోసాన్ని గురించిన ప్రశ్నలో, ఇదే కథను తీసుకున్నారు. విచిత్రమేమంటే ఆయన సిసెరో కంటే మెత్తగా తీర్పు చెప్పారు. వెనక ఓడలు రావటం ముందు జరగబోయే సంగతి కాబట్టి, చెప్పకపోయినా న్యాయం తప్పినట్టు కాదన్నారు. చెబితే మరింత గొప్ప గుణమన్నారు. కానీ అమ్మే వస్తువులోనే లోపముంటే మాత్రం ఆయన కఠినంగా ఉన్నారు. లోపం పైకి కనిపించేదైతే, ఉదాహరణకు గుర్రానికి ఒక కన్ను లేకపోతే, దానికి తగ్గట్టు ధర తగ్గించి ఊరుకోవచ్చు. లోపం దాగి ఉండి, కొనేవాడికి నష్టమో ప్రమాదమో తెచ్చేదైతే చెప్పి తీరాలి. కుంటి గుర్రాన్ని పరుగు గుర్రమనీ, కూలబోయే ఇంటిని గట్టి ఇల్లనీ అమ్మటం అలాంటివే.

ఆయన అంతటితో ఆగకుండా మరో మాట కూడా చెప్పారు. లోపాన్ని ముందుగానే ఊరంతా చాటింపు వేయించనక్కరలేదట. అలా చేస్తే ఆ వస్తువులోని మంచి కూడా చూడకుండానే జనం పారిపోతారు. కొనటానికి ఎదురుగా వచ్చినవాడికి, అతనొక్కడికి, చెబితే చాలు. అప్పుడతను మంచినీ చెడునూ తూచి చూసుకుంటాడు. ఏడు వందల ఏళ్ల కిందటి సన్యాసికి అమ్మేవాడి కష్టం కూడా తెలుసునన్నమాట!

గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో ఈ ఒంటికన్ను గుర్రం మీద నేను పరీక్షలో నాలుగు పేజీలు రాశాను. మంచి మార్కులు వచ్చాయి. తరువాత ఏం చేశానో చెప్పకపోతే ఈ వ్యాసం కూడా ఒక రకం మౌనమే అవుతుంది.

2008లో నేనొక పల్లె విచారణలో ఉన్నాను. గుడికి ఒక పాత ఓమ్నీ వ్యాను ఉండేది. ప్రహరీ గోడకు డబ్బు చాలక దాన్ని అమ్మాలనుకున్నాం. దాని బ్రేకు పెడలు ఒక్కసారి తొక్కితే మెల్లగా కిందికి దిగిపోయేది, రెండోసారి తొక్కితే పట్టేది. మాస్టర్ సిలిండరులో లోపలి రబ్బరు అరిగితే అలా అవుతుందని మా డ్రైవరు చెప్పాడు. మాకిద్దరికీ అలవాటైపోయింది, కాలు దానంతటదే రెండుసార్లు తొక్కేది. పక్క ఊరి కుర్రాడొకడు కొనటానికి వచ్చాడు. బడి పిల్లలను తోలుకుంటానన్నాడు. చుట్టూ తిరిగి చూసి, "బండి బాగుందా ఫాదర్?" అన్నాడు. నేను నవ్వి, "ఇన్నేళ్లూ నన్ను మోసింది బాబూ" అన్నాను. అరవై రెండు వేలకు బేరం కుదిరింది.

నేనన్న మాటలో ఒక్క అక్షరం అబద్ధం లేదు చూడండి. ఎనిమిదో ఆజ్ఞను తప్పించుకోవటానికి నిజాన్నే వాడుకున్నాను. పైగా డబ్బు నాకోసం కాదు, దేవుడి గుడికి అని మనసులో అనుకున్నాను. చెడ్డ పనికి మంచి కారణం దొరికితే అంతరాత్మ ఎంత త్వరగా నిద్రపోతుందో నాకు ఆరోజు తెలియలేదు.

మూడు వారాలకు ఆ కుర్రాడు వచ్చాడు. కాలవ గట్టు మలుపులో గేదెలు అడ్డం వస్తే బ్రేకు తొక్కాడట, పెడలు దిగిపోయిందట. బండిని గడ్డివాము మీదికి తిప్పి ఆపాడు. లోపల ఆరుగురు పిల్లలు. ఒక పిల్లవాడి నుదుటికి రెండు కుట్లు పడ్డాయి, మిగతావాళ్లకు ఏమీ కాలేదు. కాలవ వైపు తిప్పి ఉంటే? అతను కోపంగా రాలేదు. గుమ్మం దగ్గర నిలబడి, "మీకు తెలుసా ఫాదర్?" అని మాత్రం అడిగాడు. నేను "పాత బండి కదా బాబూ" అన్నాను. అప్పుడు కూడా! అతను తల ఊపి వెళ్లిపోయాడు.

ఆ తరువాత నేను మరో గురువు దగ్గర పాపసంకీర్తనం చేశాను. ఆయన వెంటనే ప్రార్థనలు ఏమీ ఇవ్వలేదు. "బండి బాగు చేయించటానికి ఎంతయింది?" అని అడిగారు. ముందు అది ఇచ్చి రమ్మన్నారు. సిలిండరుకు, కుట్లకు, ముందు భాగం టింకరింగుకు, అతని బండి నిలిచిపోయిన రోజులకు లెక్క కట్టి నా సొంత డబ్బులోంచి ఇచ్చి, "తెలుసు" అని చెప్పి వచ్చాను. ఆ ఒక్క మాట చెప్పటం డబ్బు ఇవ్వటం కంటే కష్టమైంది. ప్రహరీ గోడ ఇప్పటికీ ఉంది. ఆ వైపు వెళ్లినప్పుడల్లా చూస్తాను.

అందుకే సింగ్‌నగర్ మనిషి అడిగినప్పుడు నేను పుస్తకం తీసి జవాబు చెప్పలేదు. ముందు ఈ కథ చెప్పాను. ఆ తరువాత ఇద్దరం కూర్చుని ఆలోచించాం.

నాకు తోచింది ఇది. మౌనం ఎప్పుడు అబద్ధమవుతుందో తెలుసుకోవాలంటే పెదవుల వైపు కాదు, ధర వైపు చూడాలి. నాలుగున్నర లక్షలు అని చెప్పినప్పుడు నువ్వు మౌనంగా లేవు. ఆ అంకె మాట్లాడుతోంది. "ఇది మునగని బండి" అంటోంది. మునగని బండి ధరను మునిగిన బండికి తీసుకుంటే ఆ లక్షన్నర దేనికి వచ్చినట్టు? ఇనుముకు కాదు, ఇంజినుకు కాదు. కొనేవాడికి తెలియకపోవటానికి వచ్చింది. అతని అజ్ఞానాన్ని అతనికే అమ్ముతున్నాం. గురువు మౌనానికీ వైద్యుడి మౌనానికీ ఇక్కడే తేడా. వారి మౌనం చెప్పుకున్నవాడిని కాపాడుతుంది. ఈ మౌనం ఎదుటివాడి జేబులోంచి తీసుకుంటుంది. ఎనిమిదో ఆజ్ఞ దాటి ఏడో ఆజ్ఞలోకి వెళ్లిపోయాం.

అతను తెలివైనవాడు. "అయితే మూడున్నరకు ఇస్తాను ఫాదర్, వరద సంగతి చెప్పను. ధర తగ్గించాను కదా, న్యాయం సరిపోయిందిగా?" అన్నాడు. గీతలకూ, అరిగిన టైర్లకూ, చిరిగిన సీటుకూ ఆ న్యాయం సరిపోతుంది. అవి ఒంటికన్ను గుర్రం లాంటివి, కొనేవాడి కళ్లకు కనిపిస్తాయి. మీటరు తిప్పి కిలోమీటర్లు తగ్గించటం మాత్రం అలాంటిది కాదు. లేవీయ కాండంలో దేవుడు వద్దన్న దొంగ తూకపు రాయి అదే. కానీ ఎయిర్ బ్యాగు సంగతి వేరు. దాన్ని నడిపించే పెట్టె చాలా కార్లలో ముందు సీట్ల మధ్య కిందనే ఉంటుంది, నీళ్లు ముందు చేరేది అక్కడికే. తీగల కొసలు మెల్లగా తుప్పు పట్టి నెలల తరువాత పని మానేయవచ్చు. కడపలో ఒక తండ్రి తన పిల్లలను వెనక కూర్చోబెట్టుకొని, ప్రమాదమైతే ఆ సంచీ తెరుచుకుంటుందని నమ్మి నడుపుతాడు. లక్ష తగ్గించి ఇచ్చినా ఆ నమ్మకం మాత్రం మనం ఖోటాదే ఇచ్చాం. ప్రాణానికి సంబంధించిన దాగిన లోపానికి ధర తగ్గింపు జవాబు కాదు, మాటే జవాబు.

"అందరూ ఇలాగే అమ్ముతున్నారు. చెప్పినవాడే మునుగుతున్నాడు" అన్నాడు. కాదనలేదు. అకర్లాఫ్ చెప్పింది కూడా అదే. నిజం చెప్పినవాడి బండి ధరే ముందు పడిపోతుంది. ఆ నష్టం నిజమైనది, నేను దాన్ని పూలమాలతో కప్పదలచుకోలేదు. అతని భార్య అప్పటిదాకా మాట్లాడకుండా కూర్చుని, "ఫాదర్ గారూ, ఆ లక్షన్నర మీరిస్తారా?" అంది. ఎగతాళికి అనలేదు. నా దగ్గర జవాబు లేదు. ఫీజు సంగతి కళాశాల నడిపే కన్యస్త్రీలతో మాట్లాడతానన్నాను, మాట్లాడాను. వాయిదాల్లో కట్టటానికి ఒప్పుకున్నారు. అది లక్షన్నరకు సమానం కాదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

కొనేవారికి కూడా ఒక మాట. తోమాసు గారు కొనేవాడిని కూడా వదలలేదు. అమ్మేవాడు బంగారాన్ని ఇత్తడనుకొని ఇస్తుంటే, తెలిసి తీసుకున్నవాడు కూడా అన్యాయం చేసినట్టేనన్నారు. మన విచారణల్లో ఇది ఎక్కడ జరుగుతుందో తెలుసా? భర్త పోయిన ఇంట్లో. బండి విలువ ఆమెకు తెలియదు. నలభై రోజులు గడవకముందే దగ్గరివాళ్లే వచ్చి, "ఎందుకు వదినా, నడిపేవాళ్లు లేరు, తుప్పు పట్టిపోతుంది" అని సగం ధరకు తోలుకుపోతారు. జపమాల చెప్పటానికి వచ్చిన చేతులతోనే తాళం తీసుకుంటారు. అమ్మేవాడి మౌనాన్ని తిట్టేవారు కొనేవాడి మౌనం గురించి మాట్లాడరెందుకో.

పనిలో పనిగా ఇంకొకటి. బండి అమ్మాక డబ్బు తీసుకొని, ఆర్‌సీ మార్పించకుండా ఊరుకోవద్దు. ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు చేసి, 14 రోజుల్లో రవాణా కార్యాలయానికి తెలియజేయటం మీ పని. రిజిస్టరులో పేరున్నవాడే ప్రమాదానికి నష్టపరిహారం చెల్లించాలని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. మళ్లీ మళ్లీ చేతులు మారిన బండి ఎక్కడో ఎవరినో గుద్దితే నోటీసు మీ ఇంటికి వస్తుంది. నా దగ్గరకు ఇలాంటి కాగితాలతో వచ్చినవారు ముగ్గురున్నారు.

ఆ కుటుంబం సంగతి చెప్పి ముగిస్తాను. ఆయన ఒక తెల్ల కాగితం మీద నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో, ఎన్ని రోజులున్నాయో, ఏమేం మార్పించారో రాసి, బిల్లులు దానికి గుచ్చి, బండి అరలో పెట్టుకున్నాడు. ఎయిర్ బ్యాగు దీపం సంగతి అన్నిటికంటే పైన రాశాడు. ఏజెంటు కోపగించుకొని రావటం మానేశాడు. ఇప్పటికి ఇద్దరు వచ్చి కాగితం చదివి వెళ్లిపోయారు. మూడో మనిషి సొంతంగా మెకానిక్ షెడ్డు నడుపుతాడట, రెండు లక్షల ఎనభై వేలు అన్నాడు. ఇంటావిడ మూడుకు తగ్గేది లేదంటోంది. ఈ ఆదివారం రెండో పూజ తరువాత మాట్లాడుకోవటానికి గుడి ఆవరణకే వస్తామన్నారు. నన్ను మధ్యలో కూర్చోమన్నారు. నేను కూర్చోనని చెప్పాను. వేపచెట్టు కింద కుర్చీలు మాత్రం వేయిస్తానన్నాను.